తలకోన అడవిలో ఒక రోజు నడక: బయలుదేరే ముందు నుంచి ఇల్లు చేరేదాకా

శేషాచలం కొండల మధ్య, తిరుపతి జిల్లా యర్రావారిపాళెం మండలంలో ఉన్న తలకోనకు వచ్చేవారిలో ఎక్కువమంది నేరుగా జలపాతం దగ్గరికి వెళ్ళి, స్నానం చేసి, తెచ్చుకున్న పులిహోర తిని, సాయంత్రానికి తిరుగుముఖం పడతారు. సుమారు 270 అడుగుల ఎత్తునుంచి దూకే ఆ జలపాతం రాష్ట్రంలోకెల్లా ఎత్తైనదిగా పేరుపొందింది. దాన్ని చూడటానికే అంత దూరం వచ్చినా తప్పు లేదు. అయితే ఆ నీటిని పట్టి ఉంచి, కొంచెం కొంచెంగా కిందికి వదులుతున్న అడవిని చూడకుండా వెనక్కి వెళ్ళడం మాత్రం నిజంగా పెద్ద నష్టమని నా అభిప్రాయం. ఆ అడవిని చూడాలంటే నీరు, వెలుతురు, నడిచే వేగం అనే మూడింటినీ ముందుగానే లెక్కవేసుకోవాలి, దారి తెలిసిన స్థానికుణ్ణి వెంటబెట్టుకోవాలి, తొందర మానుకోవాలి. ఎప్పుడూ అడవిలో నడవనివారు కూడా అనుసరించగలిగేలా ఆ పనులను వరుసగా ఇక్కడ వివరిస్తున్నాను.

1. వెళ్ళబోయే చోటు ఎలాంటిదో తెలుసుకోవడం

తలకోన శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో భాగం. 1989లో జాతీయ ఉద్యానవనంగా ఏర్పడిన ఈ అడవి విస్తీర్ణం దాదాపు 353 చదరపు కిలోమీటర్లు. దీనితో పాటు చుట్టుపక్కల కొండలన్నింటినీ కలిపి 2010లో శేషాచలం జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఊరి పక్కన ఉండే తోటలోనో, పట్టణంలోని పార్కులోనో తిరిగినట్టు ఇక్కడ ఇష్టం వచ్చిన దిక్కుకు వెళ్ళడానికి వీలు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ ఉద్యానవనంలో అడుగుపెట్టడానికే అనుమతి కావాలి. అందులో నిప్పు రాజేయడం, ఆయుధం తీసుకువెళ్ళడం, జంతువులకు హాని చేయడం నేరాలు.

ఇక్కడి నిబంధనలు ఇంకొంత కఠినంగా ఉండటానికి ఎర్రచందనం ముఖ్యమైన కారణం. తూర్పు కనుమల దక్షిణ భాగంలో, తిరుపతి, కడప, నెల్లూరు తదితర ప్రాంతాల పొడి కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా ఈ చెట్టు సహజంగా పెరగదు. దాని దుంగలను దొంగతనంగా తరలించే ముఠాలను పట్టుకోవడానికి అటవీ సిబ్బంది, పోలీసులు శేషాచలంలో రాత్రింబగళ్ళు గస్తీ తిరుగుతుంటారు. కాబట్టి గుర్తించిన బాట వదిలి, అనుమతి పత్రం లేకుండా, చీకటి పడ్డాక లోపల తిరిగే మనిషి ఎవరైనా సరే అనుమానానికి గురవుతాడు. సరదాగా వచ్చామని చెప్పినంత మాత్రాన ఆ అనుమానం తీరదు. చెక్‌పోస్టు దగ్గర వాహనం తనిఖీ చేస్తామంటే విసుక్కోకుండా సహకరించడం, నేలమీద పడి ఉన్న ఎర్రని చెక్కముక్కను జ్ఞాపికగా సంచిలో వేసుకోకపోవడం ప్రతి సందర్శకుడూ పాటించవలసిన జాగ్రత్తలు. అది ఎండుకొమ్మ అయినా, బొటనవేలంత పేడు అయినా తేడా లేదు.

2. నెలను ఎంచుకోవడం

ఈ కొండలకు నైరుతి రుతుపవనాల వాన కొంత అందినా, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వచ్చే ఈశాన్య రుతుపవనాల వర్షాలే జలపాతానికి నిండుదనం తెస్తాయి. నడకకు నేను సూచించే కాలం డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి మధ్య వరకు. అప్పటికి తుపానుల భయం చాలావరకు తగ్గుతుంది, నీటి ధార ఇంకా బాగుంటుంది, ఎండ నడవనిస్తుంది, చెట్లకు ఆకు ఉంటుంది. ఫిబ్రవరి చివరినుంచి పొడి అడవి ఆకు రాల్చడం మొదలై, మే వరకు కార్చిచ్చు ప్రమాదం కొనసాగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి ప్రాంతంలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే కనుక ఆ రోజుల్లో కొండ ఎక్కే ఆలోచన మానుకోవడం మంచిది. జలపాతం కూడా అప్పుడు సన్నని ధారగా మారుతుంది.

అక్టోబరు, నవంబరు నెలల్లో వెళ్ళదలచినవారు వాతావరణ శాఖ హెచ్చరికలను బయలుదేరే ముందురోజు రాత్రి, మళ్ళీ ఉదయం చూసుకోవాలి. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందన్న వార్త వస్తే చాలు, ప్రయాణాన్ని వాయిదా వేయండి. 2021 నవంబరులో కురిసిన వర్షాలకు ఇదే కొండల్లోని శ్రీవారిమెట్టు కాలిబాట కొట్టుకుపోయి, మరుసటి ఏడాది మే వరకు మూతపడింది. రాతిమెట్లు కట్టిన దారికే ఆ గతి పట్టినప్పుడు మట్టిబాటల సంగతి వేరే చెప్పనక్కర లేదు.

వారంలో ఏ రోజు వెళుతున్నామన్నది కూడా చూసుకోవాలి. జలపాతానికి వెళ్ళే దారిలో సిద్ధేశ్వరస్వామి ఆలయం ఉంది. మహాశివరాత్రికి, కార్తిక సోమవారాలకు భక్తులు పెద్ద సంఖ్యలో వస్తారు. దైవదర్శనం కోసమైతే ఆ రోజులే సరైనవి. అడవి కోసమైతే ఆ రోజులతో పాటు ఆదివారాలనూ వదిలి, మామూలు మంగళవారమో బుధవారమో వెళితే పక్షుల అరుపు వినిపించేంత నిశ్శబ్దం దొరుకుతుంది.

3. అనుమతి, బస, తోడు వచ్చే మనిషి

తలకోనలో అందరికీ తెరిచి ఉండే భాగం వేరు, ముందస్తు అనుమతి లేకుండా పంపని లోపలి అడవి వేరు. ప్రవేశద్వారం దగ్గర రుసుము చెల్లించి ఆలయం, జలపాతం అడుగు, వాటి పరిసరాలు చూడవచ్చు. అంతకు మించి లోపలి బాటల్లో నడవాలనుకుంటే కనీసం వారం ముందుగా తిరుపతిలోని వన్యప్రాణి విభాగం అటవీ కార్యాలయాన్ని సంప్రదించి, ఏ బాటలు తెరిచి ఉన్నాయో, ఎంతమందిని పంపుతారో, గైడు రుసుము ఎంతో అడిగి తెలుసుకోవాలి. వానలకు, కార్చిచ్చుకు, ఏనుగుల సంచారానికి బాటలను మూసివేయడం తరచుగా జరుగుతుంది. కాబట్టి నిరుడు వెళ్ళివచ్చిన స్నేహితుడి మాట మీద ఆధారపడవద్దు. అంతర్జాలంలో కనిపించే ప్రైవేటు ట్రెక్కింగ్ బృందాల ప్రకటనలను చూసి డబ్బు కట్టేముందు, అటవీశాఖ ఇచ్చిన అనుమతి ప్రతిని చూపించమని అడగండి. చూపించలేని బృందంతో వెళితే పట్టుబడినప్పుడు జరిమానా, కేసు మీ పేరు మీద కూడా ఉంటాయి.

రాత్రి బస చేయడానికి అటవీశాఖ కుటీరాలు, పర్యాటక శాఖ వసతి ఉన్నాయి. ముందురోజు సాయంత్రమే చేరి అక్కడ పడుకోగలిగితే తెల్లవారుజామునే నడక మొదలుపెట్టవచ్చు. ఈ ఒక్క ఏర్పాటు మీ రోజు మొత్తాన్ని మార్చేస్తుంది. గదులు తక్కువ, శీతాకాలం సెలవుల్లో త్వరగా నిండిపోతాయి కనుక ముందుగా నమోదు చేసుకోవాలి.

ఇప్పుడు గైడు విషయం. తలకోనలో పర్యావరణ పర్యాటకాన్ని చుట్టుపక్కల గ్రామాల వారి భాగస్వామ్యంతో నడిపే పద్ధతి చాలా కాలంగా ఉంది. సందర్శకుల వల్ల వచ్చే ఆదాయంలో కొంత ఆ ఊళ్ళకు చేరితే, కట్టెల కోసం, పశువుల మేత కోసం అడవి మీద పడే ఒత్తిడి తగ్గుతుందన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. జలపాతం వరకే వెళ్ళేవారికి గైడు తప్పనిసరి కాకపోవచ్చు. అయినా తీసుకోమనే నా సలహా. ఏ మడుగు లోతో, ఏ బండ జారుతుందో, నిన్న రాత్రి ఏనుగులు ఎటు వెళ్ళాయో ఆ మనిషికి తెలిసినట్టు ఏ పటానికీ తెలియదు. బాట పక్కన రాలిన కాయను చూపించి ఏ జంతువు తిని వదిలిందో చెప్పగలిగేదీ ఆయనే. ఆయనను అన్నా అని పిలిచి, దారిలో మీ నీళ్ళు, తిండి ఆయనతో పంచుకుని, తిరిగి వచ్చాక చెప్పిన రుసుమును బేరమాడకుండా ఇవ్వండి. వెనక్కి వెళ్దామని ఆయన అన్నప్పుడు వాదించకుండా వెనుదిరగండి.

4. ఒంటిని సిద్ధం చేసుకోవడం

మీ శక్తిని కొలుచుకోవడానికి ఈ ప్రాంతంలోనే ఒక మంచి కొలమానం ఉంది. శ్రీనివాసమంగాపురం దగ్గర మొదలయ్యే శ్రీవారిమెట్టు దారిలో 2,388 మెట్లు ఉన్నాయి. ఆ మెట్లను పెద్దగా ఆయాసపడకుండా, గుండెలో నొప్పి, కళ్ళు తిరగడం లేకుండా ఎక్కగలిగిన వ్యక్తి తలకోనలో ఒక పూట నడకను తట్టుకోగలడు. దూరప్రాంతాల వారు మూడు నాలుగు వారాల ముందునుంచి రోజూ 45 నిమిషాలు వేగంగా నడవడం, వారానికి రెండు మూడు సార్లు లిఫ్టు ఎక్కకుండా మెట్లు ఎక్కి దిగడం అలవాటు చేసుకుంటే సరిపోతుంది. ఎక్కడం ఊపిరికి పరీక్ష, దిగడం మోకాళ్ళకు పరీక్ష. మోకాలి నొప్పులు ఉన్నవారు దిగే సాధన ఎక్కువగా చేయాలి. గుండెజబ్బు, ఉబ్బసం, అదుపులో లేని రక్తపోటు లేదా మధుమేహం ఉన్నవారు వైద్యుణ్ణి అడిగి బయలుదేరాలి. మధుమేహానికి మందు వాడేవారు నడక మధ్యలో చక్కెర పడిపోతే వెంటనే తినడానికి బెల్లం గానీ గ్లూకోజు గానీ జేబులోనే ఉంచుకోవాలి.

5. సంచి సర్దుకోవడం

నడకకు వాడే చెప్పులు, బూట్ల విషయంలో రాజీ పడవద్దు. శేషాచలం కొండల్లో ఎక్కువగా ఉండే క్వార్ట్‌జైట్ రాయి నీళ్ళు ప్రవహించిన చోట నునుపుదేరి ఉంటుంది. దాని మీద పాచి పట్టిందంటే అరిగిపోయిన అడుగున్న బూట్లు నిలవవు. అడుగున లోతైన గాడులు ఉండి, మడమను పట్టి ఉంచే బూట్లు వేసుకోండి. కొత్తవి కొని అదే రోజు వేసుకుంటే బొబ్బలు తప్పవు. కనీసం రెండు వారాలు వాడినవి అయి ఉండాలి. నిండు చేతుల చొక్కా, కాలిని పూర్తిగా కప్పే వదులైన ప్యాంటు, ఎత్తు మేజోళ్ళు వేసుకుంటే ముళ్ళనుంచి, పిడుదులనుంచి, తాకితే ఒళ్ళంతా దురద పుట్టించే దూలగొండి కాయలనుంచి కాపాడుకోవచ్చు. రంగులు ఆకుపచ్చ, గోధుమ, బూడిద వంటివైతే మేలు. అత్తరు, ఘాటైన సెంటు పూసుకోవద్దు. కొండ చరియలకు వేలాడే పెద్ద తేనెపట్ల మీది ఈగలను వాసనలు, పొగ రెచ్చగొడతాయి.

నీరు మనిషికి కనీసం 3 లీటర్లు ఉండాలి. నడిచే గంటకు అర లీటరు లెక్కన తాగుతూ, కొంత మిగుల్చుకోవడానికి ఆ మాత్రం అవసరం. వాగు నీరు ఎంత తేటగా కనిపించినా కాచకుండా, వడకట్టకుండా తాగరాదు. పైన జంతువులు దిగే నీరది, కింద వందలమంది స్నానం చేసే నీరది. ఓఆర్‌ఎస్ పొట్లాలు, పల్లీ ఉండలు, ఖర్జూరం, అరటిపళ్ళు, స్టీలు డబ్బాలో చపాతీలో పులిహోరో ఉంటే ఒక పూటకు చాలు. ప్లాస్టిక్ సంచిలో తిండి కనిపించేలా చేతిలో పట్టుకుని నడిస్తే కోతులు లాక్కుంటాయి, ఆ తోపులాటలో గోళ్ళ గీతలు పడితే రేబిస్ టీకాకు పరుగెత్తవలసి వస్తుంది. కాబట్టి తిండి అంతా జిప్పు ఉన్న సంచిలోనే ఉండాలి.

వీటితో పాటు టార్చిలైటు, దానికి అదనపు బ్యాటరీలు, ఈల, తేలికైన వానకోటు, గాయాలకు కట్టు, బెణుకుకు వాడే సాగే పట్టీ, క్రిమిసంహారక మందు, మీరు రోజూ వాడే మాత్రలు, చెత్త వేసుకోవడానికి ఖాళీ సంచి తీసుకోవాలి. సెల్‌ఫోనులో పటాన్ని ముందుగా దింపుకుని పెట్టుకోండి. కోనలోకి దిగాక సిగ్నలు దొరుకుతుందని ఆశపెట్టుకోవద్దు. పాటలు వినిపించే స్పీకర్లు, మద్యం, గాజుసీసాలు ఇంట్లోనే వదిలిపెట్టండి. డ్రోను ఎగరేయడానికి ప్రత్యేక అనుమతి కావాలి.

6. తలకోన చేరుకోవడం

తిరుపతి నుంచి తలకోన సుమారు 60 కిలోమీటర్లు. చంద్రగిరి, రంగంపేట మీదుగా భాకరాపేట ఘాటు ఎక్కి, భాకరాపేట దాటాక నెరబైలు వైపు తిరిగి, అక్కడినుంచి అడవి దారి పట్టాలి. సొంత వాహనంలో రెండు గంటల లోపే చేరుకోవచ్చు. బెంగళూరు నుంచి వచ్చే తెలుగువారికి మదనపల్లె, పీలేరు మీదుగా భాకరాపేట చేరడం అనుకూలం, తిరుపతి దాకా వెళ్ళవలసిన పని లేదు. హైదరాబాదు, విజయవాడ, విశాఖల నుంచి వచ్చేవారు రాత్రి రైలులో తిరుపతి దిగి, అక్కడ కారు మాట్లాడుకోవడం మేలు. తిరుపతి నుంచి బస్సులు ఉన్నా తక్కువ, వేళలు మారుతుంటాయి. తిరుగు బస్సు ఎన్ని గంటలకో బస్టాండులో విచారించాకే ఎక్కండి.

భాకరాపేట ఘాటును తేలిగ్గా తీసుకోవద్దు. 2022 మార్చిలో ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి వెళుతున్న బస్సు రాత్రివేళ ఈ ఘాటులో లోయలో పడి పలువురు మరణించారు. పగలు మాత్రమే దాటేలా ప్రయాణాన్ని అమర్చుకోండి. డ్రైవరు రాత్రంతా బండి నడిపి ఉంటే ఘాటుకు ముందే ఆగి, టీ తాగి, కాసేపు నిద్రపోనివ్వండి. నెరబైలు దాటాక పెట్రోలు బంకు గానీ, మందుల దుకాణం గానీ ఉంటుందనుకోకుండా కావలసినవన్నీ తిరుపతిలోనో, పీలేరులోనో కొనుక్కోవాలి.

7. నడక

ఉదయం ద్వారం తెరిచిన వెంటనే లోపలికి వెళ్ళండి. బయలుదేరే ముందు ఇంట్లో ఒకరికి ఎక్కడికి, ఎంతమంది వెళుతున్నారో, ఎన్నింటికి తిరిగి ఫోను చేస్తారో చెప్పి, ఆ వేళ దాటితే ఎవరికి తెలియజేయాలో కూడా చెప్పాలి. చెక్‌పోస్టు పుస్తకంలో పేర్లు పూర్తిగా రాయించండి. గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిని ముందు నడిపించి, అనుభవం ఉన్న వ్యక్తిని చివర ఉంచితే ఎవరూ వెనకబడిపోరు.

చదునైన రోడ్డు మీద గంటకు 5 కిలోమీటర్లు నడిచేవారు కూడా రాళ్ళ దారిలో, ఎక్కుడులో గంటకు 2 కిలోమీటర్లు దాటలేరని లెక్క పెట్టుకోండి. ఎంత దూరం వెళ్ళాలన్నది కాక ఎన్ని గంటలకు వెనుదిరగాలన్నది ముందే నిర్ణయించుకోవడం క్షేమకరమైన పద్ధతి. డిసెంబరులో సాయంత్రం 6 కాకముందే పొద్దు గుంకుతుంది. రెండు వైపులా నిటారు కొండలున్న కోనలో అంతకు గంట ముందునుంచే మసకబారుతుంది. అందుచేత మధ్యాహ్నం 1 గంటకు మీరు ఎక్కడ ఉన్నా, అనుకున్న చోటు ఇంకో మలుపు అవతలే ఉందని తెలిసినా, వెనుదిరగండి. అడవిలో జరిగే ప్రమాదాల్లో చాలా భాగానికి మూలం ఆ ఒక్క మలుపు మీది ఆశే.

నడుస్తూ ఏమి చూడాలో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కష్టపడి వచ్చింది దీనికోసమే. కోనకు దూరంగా, ఎండ తగిలే రాతివాలుల మీద పొడి అడవి ఉంటుంది. అక్కడ ముదురు రంగు బెరడు మొసలి చర్మంలా పలకలు పలకలుగా పగిలి, ఒక్కో ఈనెకు సాధారణంగా మూడేసి గుండ్రని ఆకులతో కనిపించేదే ఎర్రచందనం. ఎండాకాలంలో కొమ్మలకు వేలాడే గుండ్రని, రెక్కల్లాంటి అంచున్న కాయలు కూడా దాని ఆనవాళ్ళే. వాగువైపు దిగుతున్నకొద్దీ గాలి చల్లబడి మద్ది, మామిడి, నేరేడు చెట్లు దట్టమవుతాయి. ఈ మార్పును వందల అడుగుల లోపే గమనించవచ్చు. తడి దొరికే చోటుకూ దొరకని చోటుకూ మధ్య చెట్ల తీరు ఎలా మారుతుందో చెప్పే పాఠం ఇంతకంటే స్పష్టంగా ఇంకెక్కడా కనబడదు.

తలకోనకు ప్రత్యేకమైన పేరు తెచ్చిన మరొకటి గిల్లతీగ. తీగ అని పిలిచినా, మనిషి నడుమంత మందంతో చెట్టునుంచి చెట్టుకు పాకి, మెలికలు తిరిగి, ఎక్కడ మొదలైందో తెలియకుండా పోతుంది. దాని కాయలు మూరెడు పొడవు దాటి ఉంటాయి, లోపల గుండ్రని గట్టి గింజలు ఉంటాయి. ఆ తీగకు ఊయల ఊగడం, పేర్లు చెక్కడం ఎంతమాత్రం తగదు. చెక్కిన గాటునుంచి చెదలు, బూజు లోపలికి చేరి ఏళ్ళ తరబడి పెరిగిన తీగను చంపగలవు.

చెట్ల నెత్తిన నడిచే అనుభూతికోసం అటవీశాఖ కట్టిన దాదాపు 240 మీటర్ల తాళ్ళ వంతెన కూడా ఇక్కడ ఉంది. తెరిచి ఉన్నప్పుడు సిబ్బంది చెప్పినంతమందే ఎక్కాలి, ఊపకూడదు. మరమ్మతుకు మూసి ఉంటే అడ్డుకట్ట దాటి ఎక్కకూడదు. వంతెన మీద పది నిమిషాలు కదలకుండా నిలబడగలిగితే కొమ్మల్లో దూకే బెట్టుడుత అనే పెద్ద ఉడుత కనిపించే అవకాశం బాగా ఉంటుంది. పక్షులమీద ఆసక్తి ఉన్నవారు రాతిగుట్టల పొదల్లో పసుపుగొంతు పికిలిపిట్టను వెతకాలి; దక్షిణ భారతపు రాతికొండల్లో తప్ప ఇది మరెక్కడా ఉండదు. తడి బండల నెర్రెల్లో ఉండే బంగారు బల్లి, రాత్రిపూట మాత్రమే తిరిగే దేవాంగపిల్లి (లోరిస్), మూషిక జింక కూడా ఈ కొండల జీవులే, కానీ పగటి నడకలో అవి కనబడతాయని ఆశించవద్దు.

8. నీటి దగ్గర

తలకోనలో ప్రాణాలు పోయేది ఎక్కువగా నీటిలోనే. జలపాతం కింద మడుగుల అడుగున పెద్ద బండలు, వాటి మధ్య సందులు ఉంటాయి. పైనుంచి చూస్తే అవేవీ తెలియవు. ఎంత ఈత వచ్చినవారైనా పైనుంచి దూకరాదు. తల కిందుగా దూకితే బండల మధ్య ఇరుక్కుని మెడ విరుగుతుంది, పక్కనున్నవారు బయటికి లాగేలోపే ఊపిరి ఆగుతుంది. సిబ్బంది అనుమతించిన చోట, నడుము లోతుకు మించకుండా, నేల తగులుతోందని కాలితో తడిమి చూసుకుంటూ దిగాలి. పిల్లల చేయి వదలకూడదు. ధార నేరుగా పడే చోట నిలబడవద్దు, నీటితో పాటు రాళ్ళూ కొమ్మలూ పడవచ్చు.

మీరున్న చోట వాన లేకపోయినా పై కొండల్లో కురిస్తే నీరు ఒక్కసారిగా పెరుగుతుంది. తేటగా ఉన్న నీరు మట్టిరంగు తిరగడం, ఆకులు పుల్లలు ఎక్కువగా కొట్టుకురావడం, హోరు మారడం అందుకు గుర్తులు. వీటిలో ఏది గమనించినా సామాను తీసుకోవడానికి కూడా ఆగకుండా పక్కనున్న ఎత్తుకు ఎక్కి, నీరు తగ్గేదాకా వాగు దాటకుండా ఉండాలి. మోకాలి లోతు నీరు వేగంగా పారుతుంటే పెద్దవారిని సైతం పడదోస్తుంది.

9. జంతువుల మధ్య

శేషాచలంలో చిరుతలు, ఎలుగుబంట్లు, రేచుకుక్కలు, కణుతులు (సాంబార్ జింకలు), దుప్పులు, కొండగొర్రెలు ఉన్నాయి, ఏనుగుల గుంపులూ తిరుగుతాయి. భయపడి మానుకోవలసిన పని లేదు కానీ, అవి ఇక్కడ ఉన్నాయన్న ఎరుక ప్రతి అడుగులో ఉండాలి. 2023 ఆగస్టులో అలిపిరి కాలిబాటలో ఆరేళ్ళ బాలిక చిరుత దాడిలో మరణించింది. ఆ తరువాత తిరుమల కాలిబాటల్లో పిల్లలతో నడిచే వేళలపై ఆంక్షలు పెట్టారు. 2025లో మహాశివరాత్రికి ముందు రైల్వేకోడూరు ప్రాంతంలోని గుండాలకోన దగ్గర, రాత్రివేళ అడవిలో నడుస్తున్న భక్తులు ఏనుగుల దాడిలో చనిపోయారు. ఈ రెండు ఘటనలూ చీకటి పడ్డాక జరిగినవే. పొద్దు గుంకేలోపు బయట ఉండాలన్న నిబంధనను ఎవరి మొహమాటానికీ సడలించకూడదు.

పిల్లలు ఎప్పుడూ పెద్దల మధ్యలోనే నడవాలి. పొదలు దట్టంగా ఉన్నచోట మామూలు గొంతుతో మాట్లాడుకుంటూ వెళితే ఎలుగుబంటి ముందే పక్కకు తప్పుకుంటుంది; హఠాత్తుగా ఎదురుపడితేనే అది మీద పడుతుంది. చిరుత కనిపిస్తే పరుగెత్తవద్దు, కూర్చోవద్దు. పిల్లలను ఎత్తుకుని, దానికి ఎదురుగా నిలబడి, మెల్లగా వెనక్కి జరగండి. ఏనుగు పేడ తడిగా ఉన్నా, వెదురు విరిగిన చప్పుడు వినిపించినా అక్కడే ఆగి గైడు చెప్పినట్టు వెనక్కి వచ్చేయండి. ఏనుగుతో ఫోటో దిగే ప్రయత్నం ప్రాణాంతకం. కోతులకు తినిపించడం దయ కాదు: మనిషి చేతి తిండికి అలవాటుపడ్డ కోతి తరువాత వచ్చే పసిపిల్లల చేతులమీద పడుతుంది.

10. ఆపద వస్తే

పాము కాటు వేస్తే గాయాన్ని కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం చేయరాదు. మనిషిని కదలకుండా పడుకోబెట్టి, ఉంగరాలు, గాజులు తీసేసి, కాటుపడ్డ కాలినో చేతినో కర్రముక్కతో కదలకుండా కట్టి, మోసుకుంటూ వాహనం దాకా చేర్చాలి. కాటు పడిన సమయాన్ని రాసుకోండి. పామును చంపి తీసుకురావలసిన అవసరం లేదు. నాటుమందుల కోసం ఆగకుండా విషానికి విరుగుడు సూది దొరికే ఆసుపత్రికి వెళ్ళాలి. దారిలో ఉన్న ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ మందు ఉందో లేదో 108 సిబ్బందిని అడగండి, పెద్ద వైద్యం అవసరమైతే తిరుపతిలోని రుయా ఆసుపత్రి ఉంది. తేనెటీగలు ముసిరితే చేతులు ఆడించకుండా, ముఖం కప్పుకుని, ఆ చోటునుంచి వీలైనంత దూరం పరుగెత్తాలి. చెమట ఆగిపోయి, ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడితే అది వడదెబ్బ. నీడలో పడుకోబెట్టి, తడిబట్టలతో తుడుస్తూ విసరుతూ వెంటనే సహాయం పిలవండి. దారి తప్పామని అనిపిస్తే నడక ఆపి, ఒకేచోట ఉండి, నిమిషానికోసారి మూడు ఈలలు వేయండి. వెతికేవారికి కదులుతున్న మనిషికంటే ఒకచోట ఉన్న మనిషి త్వరగా దొరుకుతాడు.

11. తిరుగు ప్రయాణం, ఆ తరువాతి రెండు మూడు వారాలు

అడవిలో వంట చేయవద్దు, బీడీ సిగరెట్టు కాల్చవద్దు. తెచ్చిన ప్రతి కవరు, అరటితొక్కతో సహా, మీ సంచిలోనే బయటికి రావాలి. ఉప్పు, మసాలా అంటిన ప్లాస్టిక్ కవర్లను కణుతులు, దుప్పులు మింగుతాయి. అది జీర్ణం కాక కడుపులో పేరుకుపోతే అవి ఆకలితో చనిపోతాయి. సబ్బు, షాంపూ వాగులో వాడకండి.

బయటికి వచ్చాక చెక్‌పోస్టులో తిరిగి వచ్చినట్టు నమోదు చేయించి, ఇంటికి ఫోను చేసి, వెలుతురు ఉండగానే భాకరాపేట ఘాటు దాటేయండి. ఇల్లు చేరగానే వేడినీళ్ళతో స్నానం చేసి, చంకలు, గజ్జలు, మోకాళ్ళ వెనుక, చెవుల వెనుక పిడుదులు పట్టాయేమో చూసుకోవాలి. పట్టిన పిడుదును చర్మానికి దగ్గరగా పట్టకారుతో పట్టి, మెలితిప్పకుండా నేరుగా లాగాలి. నడకలో వేసుకున్న బట్టలను విడిగా వేడినీళ్ళలో ఉతకండి. తరువాతి రెండు మూడు వారాల్లో తీవ్రమైన జ్వరం, తలనొప్పి వచ్చినా, ఒంటి మీద ఎక్కడైనా నల్లని చెక్కు కట్టిన చిన్న పుండు కనిపించినా మామూలు జ్వరమని మాత్రలు మింగి ఊరుకోవద్దు. పొదల్లోని చిన్న పురుగుల వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ మన రాష్ట్రంలో ఉంది, సకాలంలో గుర్తిస్తే డాక్సీసైక్లిన్‌తో నయమవుతుంది, ఆలస్యం చేస్తే ఊపిరితిత్తులను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. వైద్యుడి దగ్గరికి వెళ్ళినప్పుడు ఇటీవల అడవిలో నడిచానన్న సంగతిని, తేదీతో సహా, అడగకముందే చెప్పండి.